పుల్ల

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా
అంటాం మనం.
ఆల్మాటీ పైన, కొండవాలు తోటలో
ఈ మాట విని తోర్గిన్
కత్తి మడిచి జేబులో వేసుకుని నవ్వింది.
మొలుస్తుంది, అంది.
ఎప్పుడూ మరొకటే మొలుస్తుంది.

ఆపిల్ గింజ మాట నిలబెట్టుకోదు.
తేనెలాంటి పండు కడుపులోంచి తీసి నాటినా
వగరో, పులుపో, గోలీకాయంత గుండో.
ఏ తేనెటీగ ఏ లోయ తిరిగొచ్చి
ఎవరి పుప్పొడి దులిపి పోయిందో
తల్లిచెట్టుకే తెలియదు.

అందుకే వాళ్ళ నాన్న గింజను నమ్మలేదు.
ఒకే చెట్టు నుంచి పెన్సిలంత పుల్లలు కోసి
కాండం చీల్చి, పచ్చికి పచ్చి ఆనించి
గుడ్డపీలిక చుట్టి, మైనం పూసి
నాలుగువేల అంట్లు కట్టాడు.
నాలుగువేలని సర్కారు పుస్తకంలో ఉంది.
నిజానికి ఒక్కటే.
ఒక్క చెట్టే నాలుగువేల చోట్ల నిలబడి
ఒకే వారం పూసేది,
ఒకే ఎరుపెక్కేది,
పసిపిల్ల తలంత కాయ.
దీనికి చావులేదనుకున్నారు.

చావుకి ఒక్క చిరునామా చాలింది.
ఈ మే నెల వానల్లో
పూలలోంచే తెగులు దిగింది.
కొమ్మల కొసలు కాపరి కర్రల్లా వంగి
నిప్పు సోకినట్టు మాడాయి.
ఒక తాళం తెరవడం నేర్చినవాడికి
ఊరంతా అదే తాళం.
తోర్గిన్ రంపం పట్టి నెలాఖరుదాకా కోసింది.
పొగ బస్సు రోడ్డుదాకా.

కంచె అవతల మాత్రం ఒక అనాకారి చెట్టు.
ఎవరూ నాటలేదు.
ఎలుగుబంటి ఎక్కడో తిని, ఇక్కడ దించుకుని పోయింది.
దాని కాయ కొరికి తోర్గిన్ మొగుడు సెయిల్‌బెక్
పళ్ళు పులిసి మూడురోజులు రొట్టె నమల్లేదట.
ఏటా నరికేద్దాం అంటాడు.
ఏటా గుర్రాన్ని దానికే కడతాడు.
దానికీ ఒక కొమ్మ మాడింది.
మిగతాదంతా పచ్చగా, ఏం జరిగిందీ అన్నట్టు.

అయితే దీని గింజలు నాటండి, అన్నాను, తెలిసినట్టు.
నాటితే ఇది రాదుగా, అంది.

నేలమాళిగలో, తడి ఇసుకలో
చలికాలం దాచిన నాన్న పుల్లలు రెండున్నాయి,
ఇంకా నిద్రలోనే.
ఒకటి తెచ్చి ఆ పుల్లచెట్టు కొమ్మకే కడుతోంది.
మూడేళ్ళకి పూస్తుందేమో.
పక్కకొమ్మ ఎలాగూ పూస్తుంది.
తేనెటీగ రావాలి, కాయ పండాలి,
గింజలు మొలవాలి, వందలో తొంభైతొమ్మిది పారేయాలి.
తోర్గిన్‌కి అరవై ఒకటి.
లెక్క నేను వేశాను. తను వేయలేదు.

కర్లిగాష్, ఇలా రా, అని పిలిచింది కూతుర్ని.
ఆ పిల్లది ఎడమచెయ్యి.
అమ్మది కాదు, అయ్యదీ కాదు,
ఫొటో కూడా లేని ఏ ముత్తవ్వదో.
కత్తి అందుకుంది.
కోత వాలు అటువైపు తిరిగింది.
తోర్గిన్ ఏదో అనబోయి
పీలిక పట్టుకుని నిలబడింది.