బల్ల కింద చెయ్యి

బల్ల కింద చెయ్యి అంటే జనం నవ్వుతారు,
లంచాల మాట అనుకుని.
నాది నిజంగానే బల్ల కింద చెయ్యి.
ఇరవై ఒక్క ఏళ్లు, ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి,
తాంపెరే ఊళ్లో, మూతబడ్డ నూలుమిల్లు రెండో అంతస్తులో,
నుప్పి అనే నీటికుక్కకి
నేను ఎడమ చేతిని.

కుడి చెయ్యీ, తలా, గొంతూ హిల్కావి.
కుట్టిందీ ఆవిడే.
పాత ఉన్ని మేజోడు, లోపల రంపప్పొట్టు,
కళ్లకి రెండు బొత్తాలు.
ఒకటి కొట్లో కొన్నది.
రెండోది వాళ్లన్న కోటుది,
యుద్ధం నుంచి ఆ కోటొక్కటే తిరిగొచ్చింది.
"నుప్పికి ఒక కన్ను ఎందుకు మెరవదు?"
పిల్లలు ఉత్తరాలు రాసేవాళ్లు.
హిల్కా అందరికీ ఒకే జవాబు రాసేది:
"అది ఇంకా నిద్ర లేవలేదు."

మొదటివారం దీపాల వేడికి జిగురు కరిగి
నుప్పి మీసం చేపల పులుసులో పడింది.
అంతా ప్రత్యక్ష ప్రసారం. ఆపడానికి లేదు.
తోర్స్తి కెమెరా వెనక తల పట్టుకున్నాడు.
"మీసం ఈతకెళ్లింది" అంది హిల్కా, నుప్పి గొంతుతో, తాపీగా.
ఇక అప్పట్నుంచీ వారం వారం
మీసం ఈతకెళ్లాల్సిందే,
లేకపోతే ఫోన్లు.

పెద్ద కథలేం ఉండేవి కావు.
నుప్పి గొడుగు కొనుక్కునేది,
తను నీటికుక్కనన్న సంగతి మర్చిపోయి.
ఒకసారి ఆరు నిమిషాలూ
ఒక్క తలుపు తియ్యడానికే సరిపోయాయి.
అది నాకు చాలా ఇష్టం. తలుపు నా వైపుండేది.

తర్వాత్తర్వాత టేపులొచ్చాయి.
టేపు ఖరీదు, మా ముగ్గురి జీతం కన్నా ఎక్కువ.
అందుకని తుడిచి మళ్లీ వాడుకున్నారు.
నుప్పి మీద మంచు హాకీ ఆడారు.
ఎన్ని గోల్స్ పడ్డాయో కావాలంటే లెక్కలున్నాయి.

రంగుల టీవీ వచ్చాక
పిల్లలకి రాకెట్లు కావాలన్నారు పైవాళ్లు.
పిల్లల్ని ఎవరడిగారో తెలీదు.
మాకూ ఎవరూ చెప్పలేదు కాబట్టి
ఆఖరిసారి కూడా నుప్పి
"వచ్చే గురువారం కలుద్దాం" అనే అంది.

హిల్కా పోయింది.
నుప్పి మ్యూజియంలో, గాజుపెట్టెలో ఉంది,
చిమ్మటలు తిన్నచోట మాసిక వేశారు.
ఎడమ చేతిలో, నా చోట,
ఒక పుల్ల పెట్టారు. బాగానే నిలబెట్టింది.

పోయిన శరత్కాలం ఆర్కైవ్ నుంచి ఓ అమ్మాయి ఫోను చేసింది.
పోరిలో, పాత సామాన్ల సంతలో,
ఎవరో ఇంట్లో తీసుకున్న ఫిల్ము దొరికిందట.
నాలుగు నిమిషాలు. శబ్దం లేదు.
"మీరు గుర్తుపట్టాలి" అంది.
ఏం గుర్తుపట్టను?
నేనా కార్యక్రమం ఒక్కసారీ చూడలేదు.
నేను చూసింది వైర్లు, దుమ్ము,
హిల్కా మడమ దగ్గర మేజోటికి చిరుగు.

తెర మీద ముందు ఓ పిల్లాడి తల వెనకభాగం.
వంటింటి కత్తెరతో కత్తిరించిన వంకర జుట్టు.
దానికవతల, మూలన టీవీ పెట్టె,
అందులో బొటనవేలంత నుప్పి.

నేను ఎడమ చెయ్యి ఎత్తాను.
పిల్లాడు కుడి చెయ్యి ఎత్తాడు, అద్దంలోలా.
నేను చెవి గోక్కున్నాను. వాడూ.
వెన్న రాసిన రై రొట్టె వాడి చేతిలోంచి జారింది.
వాడు చెయ్యి దించలేదు,
నేను దించేదాకా.

"మళ్లీ వెయ్యమంటారా?" అంది అమ్మాయి.
వెయ్యమన్నాను.
ఈసారి పిల్లాణ్ణి కాదు, నుప్పినీ కాదు,
టీవీ పక్కనున్న కిటికీని చూశాను.
బయట మంచు పడుతోంది, పెద్ద పెద్ద రేకులుగా.
ఆ సాయంత్రం మంచు పడిందని
నాకు ఇప్పటిదాకా తెలీదు.