నమూనా ఇల్లు

తెల్లాపూర్‌లో లండన్ తరహా విల్లా.
చూపించడానికే, అమ్మకానికి కాదు.
బయట మే నెల, నలభై రెండు.
హాల్లో చలిమంట గూడు:
ప్లాస్టిక్ దుంగల వెనక
నారింజ రంగు బల్బు.

"పొగ ఎటు పోతది సార్?"
తుడవడానికొచ్చిన మొదటిరోజే అడిగింది బాలామణి.
బ్రోషర్‌లో వెతికాను. లేదు.

శనివారాలు జంటలొస్తారు.
చెప్పులు విప్పాలా వద్దా అని గడపలో తచ్చాడతారు.
ఒకాయన వంటింటి కుళాయి తిప్పి
నీళ్లు రాలేదని నొచ్చుకున్నాడు,
అప్పుడే తనదైపోయినట్టు.

నిన్న తాళం వేయబోతే
బాలామణి గూడు ముందు కూర్చుని
సద్ది విప్పుతోంది.
ఏసీ పద్దెనిమిదిలో ఉంది.
అరచేతులు బల్బు వైపు చాపి
"వెచ్చగనే ఉన్నది సార్" అంది.

స్విచ్ మీది చెయ్యి తీసేశాను.
బోరబండలో నా గదికి
ఐదో తారీఖు దాటింది.
కాసేపు నేనూ కూర్చున్నాను.