సోమవారం, రోటర్‌డామ్

మ్యూజియానికి సెలవు.
డైరెక్టర్ని కదా, తాళాలగుత్తి నా దగ్గరే ఉంది.

బోర్డు వాళ్ళు లెక్క అడిగారు:
ఎందరొచ్చారు, ఏ పేట, ఏ భాష.

నిన్న వానకి తలదాచుకోడానికి వచ్చింది
కేప్ వెర్డీ ముసలమ్మ, ఇడలీనా.
తడిగొడుగు తీసుకెళ్ళి
ఇనుప శిల్పానికి ఆనించింది.
గార్డు ఇల్యాస్ గుండె గుభేలుమంది.
ఉండనీ, అన్నాను.

తెర మీది సముద్రం ముందు
గంటసేపు కూర్చుని
"ఉప్పు లేదు దీంట్లో" అంది.
లేచి వెళ్ళిపోయింది.
రెండేళ్ళు బతిమాలి కొన్న సముద్రం అది.

గోడమీది వివరణ నేను రాసిందే.
గోటితో గీకుతున్నాను.
సగం ఊడింది, సగం మొండికేసింది.
కొత్త మాట ఇంకా నోటికి రాలేదు.

ఆమెని ఏ గడిలో వేయను?
వాన అనే గడి లేదు.

నేలమీద గొడుగు వదిలిన మరక.
తుడవమని చెప్పాలి.
రేపు చెబుతాను.