తుడవబాక

ముప్పయ్యొక్క ఏళ్లు
మార్కాపురం పలకలకు చెక్క చట్రాలు బిగించాను.
ఎవరు ఏ అక్షరం దిద్దుకుంటారో
మేకు కొట్టేవాడికి తెలవదు.
ఫ్యాక్టరీ మూసేశాక నాకు మిగిలినవి
మంచం కింద పద్దెనిమిది పలకలు,
రొమ్ములో ఇంత రాతిదుమ్ము.

మొన్న మునిసిపాలిటీ నుంచి చీటీ వచ్చింది.
గులాబీ రంగు కాగితం, అడుగున రెండు గడులు.
"గృహ కుళాయిలకు మీటర్లు అమర్చు ప్రతిపాదనను
తిరస్కరించరాదని తమరు భావించుటలేదా?
అవును. కాదు."

మేనకోడలు బియ్యే. నాలుగుసార్లు చదివింది.
"అవునంటే కాదా మామా,
కాదంటే అవునా?"

రాయి పొర మీద పొరగా ఉంటుంది.
అంచున ఉలి ఆనించి నిమ్మళంగా తడితే
పలక పలకగా ఊడొస్తుంది.
ఆ వాక్యాన్నీ అట్లాగే విప్పాను.
రద్దంతా రాలిపోయాక
అడుగున మిగిలింది ఇంతే:
మీటరు పెట్టమంటావా, వద్దంటావా?

పలక చంకన పెట్టుకుని బయల్దేరాను.

సుబ్బరత్తమ్మ గడపలో గీతలు గీశాను.
ఇప్పుడు తొమ్మిది రోజులకోసారి కొళాయి.
నడుమ ట్యాంకరు, బిందె నాలుగు రూపాయలు,
రోజుకు ఐదు బిందెలు, నెలకు ఆరొందలు.
మీటరు పెడితే రోజు మార్చి రోజు నీళ్లు,
నెలకు నూటతొంభై,
వాడకం పెరిగితే బిల్లూ పెరుగుద్ది.
ఆర్నెల్లు వీధి తవ్వుతారు.
ఈ ఆఖరి మాట చీటీలో లేదు,
ఇంజనీరు ఆఫీసులో మూడు గంటలు కూచుని
అడిగి రాసుకున్నది.

"ఇంతకీ నన్నెక్కడ గియ్యమంటావ్?"
"అది చెప్పనమ్మా."
"చెప్పనోడివి ఇంత ఎండన పడి
ఎందుకొచ్చావ్ నాయనా!"
బలపం చెవి మీద పెట్టుకుని
పక్కింటికి నడిచాను.

పీరయ్య నా లెక్కకే తప్పు పట్టాడు.
"మేం తొమ్మిదిమందిమి. నూటతొంభైతో తెగుద్దా?"
నిజమే. తుడిచి మళ్లీ వేశాను.
తుడవడానికి నీళ్లెక్కడివి,
దొండాకు నలిపి రుద్దుతున్నాను
ఏడో యేట చేసినట్లే.

మేడ కింద అద్దెగదిలో సాలమ్మ
చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.
"నాకు చీటీ రాలేదన్నా."
ఇంటిపన్ను కట్టినోళ్లకే చీటీ.
ట్యాంకరు దగ్గర అందరికంటే ముందు
నిలబడేది ఆమే.
ఆ సంగతి ఎక్కడ రాయాలో
పలక రెండు వైపులా తిప్పినా
చోటు కనపడలేదు.

రాత్రి తొమ్మిదింటికి తలుపు చప్పుడు.
ట్యాంకరు వెలుగొండయ్య.
రెండు బండ్లు, బ్యాంకు అప్పు,
చేతిలో మడత మీద మడతపెట్టిన గులాబీ చీటీ.
"ఊరందరికీ చెప్తున్నావంటగా.
నాకు సంతకం తప్ప రాదు మామా."

లాంతరు ముందుకు జరిపి
అదే వాక్యం విప్పాను, అదే లెక్క వేశాను.
బిందె నాలుగు రూపాయలు అని రాసేటప్పుడు
బలపం కిర్రుమంది.
ఇద్దరం తల ఎత్తలేదు.
ఒక్కటీ దాచలేదు, ఒక్కటీ కలపలేదు.

చాలాసేపు చూశాడు.
అక్షరాల మీదుగా వేలు నడిపాడు, తాకకుండా.
నేను దొండాకు అందుకున్నాను.

"తుడవబాక మామా."

పలక పట్టుకుని చీకట్లోకి పోయాడు.
అతను ఏ గడిలో గీస్తాడో
నేను అడగలేదు.

పొద్దున్నే ట్యాంకరు వచ్చింది.
ముందు అద్దం లోపల నా పలక ఆనించి ఉంది.
బిందెలు కింద పెట్టి
మడమలెత్తి చూస్తున్నారు ఆడాళ్లు.
సాలమ్మ చదివి వినిపిస్తోంది,
బిందె నాలుగు రూపాయలు అన్నచోట
కాస్త గట్టిగా.
వెలుగొండయ్య పైపు పట్టుకుని
వినీ విననట్టు నింపుతున్నాడు,
బిందె నిండి కాళ్ల మీద పొర్లేదాకా.