అరచెయ్యి అడ్డం

చినాయ్ ట్రేడ్ సెంటర్, లిఫ్టు పక్కన
యాదయ్య రిపేరు దుకాణం ముంగట
ముగ్గురం కొట్లాడుకుంటున్నం.

కొత్త ఆటల నాలుగు వందల జీవాలకు జాగ లేదట.
తబ్రేజ్ అంటడు: ప్రతి రెక్క మళ్ల గియ్యాలె,
ప్రతి నడక మళ్ల నేర్పాలె, ఎవరితోనైతది?
స్ఫూర్తి ఊకోదు.
"కొత్తయి వంద పుట్టియ్యనీకి చేతులున్నయి గని
పాతవాటికి ఒక మూల లేదా?
ఒక్కటి విడవొద్దని ఇన్నేండ్లు ఊరిచ్చిందెవరు?"

నా మిణుకుతాబేలు కూడ లేదు జాబితాల.
డిప్ప మీద దీపం, వానకు ఆరిపోయేది.
ఏ పోటీ గెలిచింది కాదు.
ఏడో తరగతిల కామెర్లొచ్చి మంచాన పడ్డప్పుడు
పథ్యం బువ్వ సల్లారుతుంటె
నలభై ఒకటో మెట్టు దాక దాన్ని మోసుకపోయిన.

యాదయ్య తల ఎత్తలే.
సోల్డరింగ్ కొన నుంచి సన్నటి పొగ.
"దీంట్ల బటన్ సెల్లు సచ్చిపోతున్నదమ్మా.
కొత్తదాంట్ల లేదని ఏడుస్తున్నరు,
పాతది తెరిసి ఎన్నేండ్లాయె?"

పద్దెనిమిది.

తబ్రేజ్ ఫోన్ల తల పెట్టిండు.
స్ఫూర్తి ఏదో అనబోయి
సమోసా మూల తుంచింది.

సెల్లు మార్చేటప్పుడు
వేరే తీగెతోని కరెంటు అందియ్యాలట,
తప్పితె అంత తుడుచుకపోతదట.
తీగె నన్నే పట్టుకొమ్మన్నడు.
చెయ్యి వణికింది, తబ్రేజ్ నా మణికట్టు పట్టిండు.

తెర మీద అది అట్లనే ఉంది,
పేరుల నేను చేసిన అక్షరం తప్పుతో సహ.
ట్యూబ్‌లైటు మెరుపుకు సరిగ కనవడ్తలేదు.
దీపం ఉన్నదా అని
అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తున్న.