గోగునార వల

నెల్లిమర్ల మిల్లు సైరను మూగబోయిన ఏడు
అసిరయ్య మేష్టారు రింగుకి గోగునార వల కట్టాడు.
బంతి పడితే చప్పుడుండేది కాదు,
మిల్లు నడిచిన్నాటి మా అయ్య చొక్కా వాసనొచ్చేది.

ఆటయ్యాక చెప్పాడు:
"హార్లెంలో నల్లోళ్ల జట్టొకటుండీదర్రా.
గెలిసిన ఊళ్లోనే గది ఇచ్చీవోరు కారు.
బస్సులోనే తొంగునీవోరు,
అంతేసి కాళ్లు ఏటి సేసుకునీవోరో!
ముప్పైతొమ్మిదిలో షికాగోలో పెద్ద కప్పు కొట్టేసినారు."

"ఆ రాత్రి గదిచ్చినారా సార్?"
అడిగింది దాలమ్మ,
బొబ్బిలి పోటీల్లో
అందరికీ గ్లాసులిచ్చి
తనకి మాత్రం దోసిట్లో నీళ్లు పోస్తే
తాగకుండా ఆడిన పిల్ల.

మేష్టారికి తెలీదు.
తను చదివిన పుస్తకంలో ఆ ముక్క లేదట.
బంతి దాలమ్మకి విసిరాడు.

వేసింది. పడలేదు.
చీకటి పడుతున్నా
మళ్లీ వేసింది.