పాణి అంటే నీళ్లే

శ్రీకాకుళంలో చీటీ చూసి అన్నారు:
"కార్డు ఒడిశాది, అక్కడే చూపించుకోండి."
పర్లాకిమిడిలో చెవి డాక్టరు గురువారం గురువారం.
మూడు గురువారాలు పోయాక
బరంపురం పొమ్మని రాసిచ్చారు.

మా అయ్య గవరయ్య, కంచరి.
నలభై ఏళ్లు సుత్తి మోగిన చెవుల్లోకి
మాట దిగడం మానేసింది.
"ఏటీ?" అని కూడా అడగడిప్పుడు,
నవ్వి ఊరుకుంటాడు.
ఆ నవ్వంటేనే నాకు భయం.

అద్దాల గదిలో కూర్చోబెట్టి
తలకి డిప్పలు తగిలించి
"నేనన్నది తిరిగి అనండి" అంది ఆ పిల్ల, ఒడియాలో.
పాణి.
"నీళ్లు" అన్నాడు అయ్య.
ఘొరొ.
"ఇల్లు."
ఆమె కలం తప్పు, తప్పు అని గీసుకుపోతోంది.

అద్దం మీద దబదబా కొట్టాను.
"విన్నాడమ్మా! విని, ఇంటి మాటలోకి ఒంపాడు.
ఊరుకున్న చోట తప్పెయ్యి,
నీళ్లన్న చోట కాదు."
ఆమె కాసేపు నన్ను చూసి
గీతలన్నీ కొట్టేసి మళ్లీ మొదలెట్టింది.
భాతొ.
"అన్నమా? ఇంకా తిన్లేదమ్మా."

సర్టిఫికెట్టుకి రెండు నెలలు,
మిషనుకి మరో నాలుగు.
అది చెవిలో పెట్టుకున్న రోజు
నా గొంతు ఎలా ఉందో చెబుతాడనుకున్నాను.
తిన్నగా కొలిమింట్లోకి నడిచాడు.
బేరానికి కట్టిన బిందెని
వేలి కణుపుతో కొట్టి చెవొగ్గాడు.
ఇంకోటి.
మూడోదాని దగ్గర మొహం మాడింది.

"ఇది బీట తీసిందే.
దీని జత
మొన్న ఎవరికిచ్చాం?"